డిజైన్ నిర్ణయాల గురించి ఎలా ఆలోచించాలి, ఎక్కడ, ఎంత రాసిపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మాదాపూర్‌లో చిన్న ప్రొడక్ట్ కంపెనీ, తొమ్మిది మంది టీమ్. ఆర్కిటెక్ట్‌గా ఉన్నాయన వేరే కంపెనీకి వెళ్లిపోయారు, టెక్ లీడ్ బాధ్యత మీ మీద పడింది. కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే వెళ్లేవాళ్లు తమకు తెలిసింది మిగిలినవాళ్లకు అప్పజెప్పడం) సెషన్ల రికార్డింగులున్నాయి, సిస్టమ్ మొత్తాన్ని వివరించే 80 పేజీల హెచ్ఎల్‌డీ (హై లెవెల్ డిజైన్) ఉంది. అయినా "ఇక్కడ కాఫ్కా (సర్వీసుల మధ్య మెసేజ్‌లు చేరవేసే సాఫ్ట్‌వేర్) ఎందుకు పెట్టారు?", "ఈ రెండు సర్వీసుల్ని ఎందుకు విడదీశారు?" అని జూనియర్లు అడిగితే మీ దగ్గర జవాబు లేదు. మేనేజరేమో ఈ క్వార్టర్ అయ్యేలోపు డాక్యుమెంటేషన్ అంతా అప్‌డేట్ కావాలంటున్నారు. ఏడీఆర్‌లు (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డులు, అంటే ఒక్కో డిజైన్ నిర్ణయాన్నీ దాని కారణాలనూ రాసిపెట్టే చిన్న పత్రాలు) రాస్తే నిజంగా పనికొస్తాయా, లేక అదీ ఇంకో ఫార్మాలిటీయేనా అని అడిగారు.

సూటిగా చెబుతాను. పనికొస్తాయి. హెచ్ఎల్‌డీని మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి. మార్చాలంటే బాగా ఖర్చయ్యే నిర్ణయాలకు మాత్రమే, ఒక్కోదానికి ఒక పేజీ, ఆ చర్చ జరుగుతున్న వారంలోనే, కోడ్ ఉన్న రిపోలోనే రాయండి. ఆ పేజీలో మీరు ఎంచుకున్నదాని కంటే, వద్దనుకున్నదానికీ, ఏం మారితే మళ్లీ ఆలోచిస్తారన్నదానికీ ఎక్కువ చోటివ్వండి. ఈ రెండూ లేని ఏడీఆర్ రాయకపోయినా నష్టం లేదు.

ఇక వివరంగా.

ముందు మీ టీమ్ ఈ పరిస్థితికి ఎందుకొచ్చిందో చూద్దాం. మన దగ్గర కేటీ జరిగే పద్ధతే అలాంటిది. మనిషి రిజైన్ చేస్తాడు, నోటీస్ పీరియడ్‌లో సగం కౌంటర్ ఆఫర్ల మాటల్లో గడిచిపోతుంది, చివరి రెండు వారాల్లో కాల్ పెట్టి స్క్రీన్ షేర్ చేస్తాడు. "ఈ సర్వీసు దీన్ని పిలుస్తుంది, ఈ టాపిక్‌లోకి రాస్తుంది, ఫెయిలైతే ఈ స్క్రిప్ట్ రన్ చేయండి." అంతా ఉన్నదేంటో చెప్పడమే. అది కోడ్ చదివినా తెలుస్తుంది, కాకపోతే టైమ్ పడుతుంది. కోడ్ ఎంత చదివినా తెలియనిది వేరే ఉంది: అప్పట్లో ఇంకే దారులు కనిపించాయి, వాటిని ఎందుకు వదిలేశారు. వాడకూడదని తేల్చిన డేటాబేస్ ఆనవాలు కోడ్‌లో ఎక్కడా ఉండదు కదా.

ఇది పరిశ్రమకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్ అంటే ఏంటో 1992లో డ్యూయేన్ పెర్రీ, అలెగ్జాండర్ వుల్ఫ్ అనే పరిశోధకులు నిర్వచించినప్పుడే అందులో మూడు ఉంటాయన్నారు: భాగాలు, వాటి అమరిక, ఆ అమరికకు కారణాలు. మొదటి రెండింటినీ బాక్సులూ బాణాలూ గీసి హెచ్ఎల్‌డీల్లో పెట్టుకున్నాం, మూడోదాన్ని గాలికొదిలేశాం. 2011లో మైకేల్ నైగార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ ఒక చిన్న వ్యాసంలో ఇప్పుడు అందరూ ఏడీఆర్ అంటున్న పద్ధతిని చెప్పారు. శీర్షిక, సందర్భం, నిర్ణయం, స్థితి, పర్యవసానాలు. అంతే, ఒకటి రెండు పేజీలు. ఆ తర్వాత చాలా టెంప్లేట్లు వచ్చాయి. ఏది వాడాలా అని టెన్షన్ పడకండి. టెంప్లేట్ ఎంచుకోవడం మీదే నెల రోజులు చర్చించి ఒక్క నిర్ణయమూ రాయని టీమ్‌లను చూశాను.

ఏది రాయాలి, ఏది వద్దు

అన్నీ రాస్తే ఎవరూ చదవరు. నేను వాడే పరీక్ష ఒక్కటే: ఏడాది తర్వాత దీన్ని మార్చాలంటే ఎవరి దగ్గరికి వెళ్లి బతిమాలాలి? టీమ్‌లో ఒకరు ఒక స్ప్రింట్‌లో (కొద్ది వారాల పని విడత) మార్చేయగలిగితే రాయక్కర్లేదు, కోడ్ మార్పును రివ్యూకి పంపే పుల్ రిక్వెస్ట్‌లో రెండు లైన్లు చాలు. డేటా మైగ్రేషన్ కావాలన్నా, వేరే టీమ్ వాళ్ల కోడ్ మార్చాలన్నా, కస్టమర్లకు నోటీసివ్వాలన్నా అది రాయాల్సిన నిర్ణయమే.

ఈ పరీక్ష పెడితే వింతగా పెద్దగా కనిపించేవి చిన్నవైపోతాయి, చిన్నగా కనిపించేవి పెద్దవైపోతాయి. వెబ్ స్క్రీన్లు కట్టడానికి రియాక్టా, యాంగ్యులరా అని కాన్ఫరెన్స్ రూమ్‌లో గంటలకొద్దీ కొట్టుకుంటారు. కస్టమర్ టేబుల్‌లో ప్రైమరీ కీ (ఒక్కో కస్టమర్‌ను గుర్తించే ఐడీ) ఏంటన్నది మాత్రం ఎవరో ఒకరు మధ్యాహ్నం భోజనానికి ముందు తేల్చేస్తారు. నేను కన్సల్టింగ్‌కు వెళ్లిన ఒక కంపెనీలో మొబైల్ నంబరే కస్టమర్ ఐడీ. మొదట్లో అందరికీ నచ్చింది: ఓటీపీ లాగిన్, గుర్తుపెట్టుకోవడం సులువు, జాయిన్లు (టేబుళ్లను కలిపి చదవడం) తక్కువ. కానీ మన దేశంలో డిస్‌కనెక్ట్ అయిన నంబర్‌ను కనీసం 90 రోజులు ఆగి టెలికాం కంపెనీలు వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి. ఒకరోజు కొత్త సిమ్ కొనుక్కున్న మనిషి యాప్‌లో లాగిన్ అయితే, పాత మనిషి ఆర్డర్లు, అడ్రస్ అన్నీ కనిపించాయి. అప్పటికి ఆ నంబర్ ఆర్డర్లలో, ఇన్‌వాయిస్‌లలో, వాలెట్‌లో, పార్టనర్లకు పంపే ఫైళ్లలో, అనలిటిక్స్‌లో అంతటా పాకిపోయింది. దాన్ని విడదీయడం ఆ కంపెనీలో ఏడాదిలో జరిగిన అతి పెద్ద ప్రాజెక్ట్.

దీన్ని వాళ్లు ఏడీఆర్‌గా రాసి ఉంటే తప్పు ఆగిపోయేదా అంటే, గ్యారంటీ ఏమీ లేదు. కానీ "పర్యవసానాలు" అన్న శీర్షిక కింద ఏదో ఒకటి రాయాల్సి వస్తే "నంబర్ మారితే ఏం చేస్తాం?" అన్న ప్రశ్న ఎవరో ఒకరికి తట్టడానికి అవకాశం ఉండేది. రాయడం వల్ల నాకు కనిపించే మొదటి లాభం ఇదే. భవిష్యత్తులో చదివేవాళ్ల సంగతి తర్వాత. రాస్తున్నప్పుడే మన ఆలోచనలో సందులు మనకు కనిపిస్తాయి.

మీ సిస్టమ్‌లో ఇలా వెతకాల్సినవి కొన్ని: ఐడీలు, డబ్బును పైసల్లో పూర్ణాంకంగా దాచడమా, డెసిమల్‌గానా, టైమ్ యూటీసీలోనా (ప్రపంచ ప్రామాణిక సమయం), ఐఎస్‌టీలోనా (భారత సమయం), ఒక కస్టమర్ డేటాను మరో కస్టమర్ డేటా నుంచి ఎలా వేరు చేస్తున్నారు, ఏ డేటాకు ఏ సర్వీసు యజమాని, బయటివాళ్ల సాఫ్ట్‌వేర్ మన సిస్టమ్‌తో మాట్లాడటానికి వాడే ఏపీఐల రూపం.

ఆలోచించే విధానం

రాయడం కంటే ఇది కష్టం, మీరు అడిగినదాంట్లో అసలు భాగం కూడా ఇదే.

మొదట, సందర్భంలో విశేషణాలు కాకుండా అంకెలుండాలి. "సిస్టమ్ ఫాస్ట్‌గా, స్కేలబుల్‌గా ఉండాలి" అని రాస్తే ఏ ఆప్షన్ అయినా నెగ్గేస్తుంది. "శనివారం సాయంత్రం పీక్‌లో సెకనుకు 200 రిక్వెస్టులొచ్చినా నూటికి 95 జవాబులు 300 మిల్లీసెకన్లలోపు వెళ్లాలి" అని రాస్తే సగం ఆప్షన్లు వాటంతటవే పడిపోతాయి, లేదా సగం హంగులు అక్కర్లేదని తేలిపోతుంది. రెండోదే ఎక్కువసార్లు జరుగుతుంది. అంకె కచ్చితంగా తెలియకపోతే అంచనా రాసి, పక్కన "అంచనా" అని పెట్టండి. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల ఎస్ఈఐలో (సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్) ఏటీఏఎం అని ఆర్కిటెక్చర్‌ను బేరీజు వేసే పద్ధతి ఒకటి తయారైంది. చిన్న టీమ్‌కు ఆ తంతు మొత్తం అక్కర్లేదు. కానీ అందులో ఒక అలవాటు మాత్రం అరువు తెచ్చుకోండి: ఒకే నిర్ణయం ఏ రెండు గుణాలను చెరో వైపుకి లాగుతోందో వెతికి పట్టుకోవడం. ఎన్‌క్రిప్షన్ పెంచితే భద్రత పెరుగుతుంది, సెర్చ్ కష్టమవుతుంది. క్యాష్ (తరచూ వాడే డేటా కాపీని దగ్గర ఉంచుకోవడం) పెడితే వేగం పెరుగుతుంది, పాత ధర కనిపించే ప్రమాదం వస్తుంది. ఇలాంటి చోటే నిర్ణయం ఉంటుంది. ఏ నష్టమూ కనిపించలేదంటే మీరింకా సరిగ్గా చూడలేదనే అర్థం.

తర్వాత, ఆప్షన్లు నిజమైనవై ఉండాలి. లీడ్ మనసులో ఒకటి ముందే ఫిక్సయి ఉంటుంది. దానికి అటొకటి ఇటొకటి పనికిరానివి నిలబెట్టి మూడు ఆప్షన్లు పరిశీలించామంటారు. రివ్యూలో నేను ఒకటే అడుగుతాను: "ఈ రెండో ఆప్షన్ తరఫున మీరు ఐదు నిమిషాలు వాదించగలరా?" వాదించలేకపోతే అది ఆప్షన్ కాదు. ఇంకోటి, "ఏమీ చేయకుండా ఉన్నదాంతోనే ఆరు నెలలు నడపడం" అన్నది కూడా జాబితాలో ఉండాలి. దాన్ని రాయడానికి ఇంజినీర్లు మొహమాటపడతారు. చాలాసార్లు అదే సరైన జవాబు.

మార్కులు వేసే పట్టికలంటే నాకు అంతగా నమ్మకం లేదు. పెర్ఫార్మెన్స్‌కు 30 శాతం, ఖర్చుకు 20 శాతం అని బరువులు పెట్టి కూడికలు చేస్తారు. మనకు నచ్చింది ఓడిపోతే ఏం చేస్తాం? బరువులు కాస్త అటూ ఇటూ చేస్తాం. చివరికి 7.4 వర్సెస్ 7.1 అన్న అంకె వెనక అసలు వాదన దాక్కుంటుంది. పట్టిక వేసుకోండి, కానీ గడుల్లో మార్కులకు బదులు ఒక్కో వాక్యం రాయండి. దేనికోసం దేన్ని వదులుకుంటున్నారో మాటల్లో కనిపించాలి.

చివరిగా, సంతకం పెట్టే ముందు ప్రీమార్టమ్ చేయండి. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. "ఏడాది గడిచింది, ఈ డిజైన్ ఘోరంగా విఫలమైంది. ఎందుకో ఎవరికి వాళ్లు ఐదు నిమిషాల్లో రాయండి" అనాలి. "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అని అడిగితే మన మీటింగుల్లో సీనియర్ ముందు ఎవరూ నోరు విప్పరు. ఫ్రెషర్లయితే అసలే విప్పరు. ఆల్రెడీ విఫలమైందని చెప్పి కారణం అడిగితే ధైర్యంగా రాస్తారు. ఒకసారి అలా ఒక ఫ్రెషర్ రాసిన లైను, "వెండర్ సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయింది, రెన్యువల్ మెయిల్ వెళ్లిపోయిన ఉద్యోగి ఐడీకి వచ్చింది" అన్నది, తర్వాత మా రన్‌బుక్‌లో (సమస్య వస్తే ఏం చేయాలో రాసుకున్న పత్రం) మొదటి పేజీకెక్కింది.

ఒక రికార్డ్ ఎలా ఉంటుందంటే

మీ కాఫ్కా ప్రశ్నకు దగ్గరగా ఉంటుందని, ఒక పాత టీమ్‌లో మేం రాసుకున్నదాని సారం పెడుతున్నాను. ఆఫీసులో ఇంగ్లిష్‌లోనే రాశాం, ఇక్కడ తెలుగులో.

*014. ఆర్డర్ నోటిఫికేషన్లకు ప్రస్తుతానికి కాఫ్కా వద్దు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ టేబుల్‌నే క్యూగా వాడతాం*

*స్థితి: ఆమోదించాం.*

*సందర్భం: ఆర్డర్ స్థితి మారినప్పుడు ఎస్ఎంఎస్, ఈమెయిల్ వెళ్లాలి. పీక్‌లో సెకనుకు 40 మెసేజ్‌లు (అంచనా). ఆర్డర్ సేవ్ అయి మెసేజ్ పోకూడదు, ఆర్డర్ రోల్‌బ్యాక్ అయి (సేవ్ కాకుండా వెనక్కి వెళ్లి) మెసేజ్ వెళ్లకూడదు. మెసేజ్‌లు చదివేది ఒక్క సర్వీసే. టీమ్‌లో ప్రొడక్షన్‌లో కాఫ్కా నడిపినవాళ్లు లేరు.*

*నిర్ణయం: ఆర్డర్ అప్‌డేట్ జరిగే ట్రాన్సాక్షన్‌లోనే ఔట్‌బాక్స్ టేబుల్‌లో (పంపాల్సిన మెసేజ్‌ల జాబితా) ఒక వరుస చేరుస్తాం. వర్కర్లు 'ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్' (వేరే వర్కర్ పట్టుకున్న వరుసలను వదిలేసే ఆదేశం) తో వరుసలు తీసుకుని పంపుతారు.*

*వద్దనుకున్నవి: కాఫ్కాలోకి నేరుగా రాయడం. డేటాబేస్ కమిట్ అయ్యాక కాఫ్కా అందకపోతే మెసేజ్ పోతుంది, దాన్ని కాపాడాలంటే ఎలాగూ ఔట్‌బాక్స్ కావాలి. మేనేజ్డ్ క్యూ సర్వీసు. నిర్వహణ తగ్గుతుంది కానీ పై సమస్య అలాగే ఉంటుంది.*

*ఒప్పుకుంటున్న నష్టాలు: సెకను దాకా ఆలస్యం. టేబుల్‌లో చచ్చిన వరుసలు పేరుకుంటాయి కాబట్టి రోజువారీ పార్టిషన్లు చేసి పాతవి తీసేయాలి. ఒకే మెసేజ్ రెండుసార్లు వెళ్లే అవకాశం ఉంది, కాబట్టి పంపే ముందు ఐడీ చూసుకోవాలి. పాత మెసేజ్‌లను మళ్లీ మొదటి నుంచి చదివే వీలు వేరే టీమ్‌లకు ఉండదు.*

*మళ్లీ ఎప్పుడు చూడాలి: ఇవే ఈవెంట్లు కావాలని రెండో టీమ్ అడిగినప్పుడు, లేదా పీక్ సెకనుకు 500 దాటినప్పుడు.*

ఇందులో నాకు ముఖ్యమైనది చివరి పేరా. అనలిటిక్స్ టీమ్ వచ్చి ఇవే ఈవెంట్లు మాకూ కావాలన్న రోజు మేం మళ్లీ మొదటి నుంచి కొట్టుకోలేదు. "రెండో టీమ్ అడిగినప్పుడు" అని రాసుకున్నాం, అడిగారు, తలుపు తెరిచాం. 014ను చెరపలేదు, దాని స్థితిని "రద్దు, దీని స్థానంలో 022" అని మార్చి, 022లో కాఫ్కాకు మారుతున్న కారణాలు రాశాం. ఔట్‌బాక్స్ టేబుల్ అలాగే ఉంది, దాన్ని చదివి కాఫ్కాలోకి పంపే పని మాత్రం కొత్తగా చేరింది. ఆమోదించిన రికార్డ్‌ను దిద్దకండి, కొత్తది రాసి పాతదానికి లింక్ ఇవ్వండి. నైగార్డ్ మొదట్లోనే చెప్పిన నియమం ఇది. నంబర్లు కూడా మళ్లీ వాడకూడదు.

మీ పాత ఆర్కిటెక్ట్ కూడా ఇలాంటి లెక్కే వేసుకుని ఉండొచ్చు, జవాబు అవతలి వైపు తేలి ఉండొచ్చు. లేదా కాఫ్కా తెలిస్తే మార్కెట్లో జీతం బాగుంటుందనీ పెట్టి ఉండొచ్చు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఏ టెక్నాలజీ పేరు పెద్దక్షరాల్లో ఉంటుందో అది ఆరు నెలల్లో డిజైన్లలోకి వచ్చేయడం మనకు కొత్త కాదు. రికార్డ్ ఉంటే రెంటికీ తేడా తెలిసేది.

సందర్భం ఎందుకు అంత వివరంగా రాయాలి

సందర్భం మారుతుంది కాబట్టి. ఒక పేమెంట్స్ ప్రాజెక్ట్ గురించి చెబుతాను. చెల్లింపుల డేటా మొత్తం భారత్‌లోని సిస్టమ్‌లలోనే ఉండాలని ఆర్బీఐ 2018 ఏప్రిల్ 6న సర్క్యులర్ ఇచ్చింది, ఆరు నెలల గడువు పెట్టింది. మేం ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) మీద ఉన్నాం. అప్పటికి వాళ్లకు దేశంలో ఉన్న రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) ముంబై ఒక్కటే, 2016లో వచ్చింది. డిజాస్టర్ రికవరీ కాపీ వేరే నగరంలో ఉండాలి. సింగపూర్ కుదరదు. రెండో క్లౌడ్ కంపెనీకి వెళ్లొచ్చు, మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌కు అప్పటికే పుణె, చెన్నైలలో రీజియన్లున్నాయి, కానీ రెండు క్లౌడ్‌లను నడిపేంత మంది మా దగ్గర లేరు. కాబట్టి ఒక డేటా సెంటర్‌లో ర్యాక్ అద్దెకు తీసుకుని డేటాబేస్ కాపీ అక్కడ పెట్టాం.

చూడ్డానికి వికారంగా ఉండే డిజైన్ అది. క్లౌడ్‌లో ఉన్న సిస్టమ్‌కు పక్కన రెండు సొంత సర్వర్లు, వాటికో వీపీఎన్, వాటి డిస్కులు పోతే అర్ధరాత్రి ఫోన్లు. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ దాన్ని చూసి నవ్వేవాళ్లు. రికార్డ్‌లో మాత్రం స్పష్టంగా ఉంది: "దేశంలో ఏడబ్ల్యూఎస్ రెండో రీజియన్ వస్తే ఇది మళ్లీ చూడాలి." 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ మొదలైంది. ఆ వార్త చూసిన ఒక ఇంజినీర్ డెసిషన్స్ ఫోల్డర్‌లో "రీజియన్" అని వెతికి, ఆ పాత పేజీ లింక్ గ్రూప్‌లో పెట్టారు. ర్యాక్ ఎందుకు పెట్టారో, ఏ కారణం పోయిందో, ఏ కారణం ఇంకా మిగిలి ఉందో ఒక్క మీటింగ్‌లో తేలిపోయింది. కొత్త రీజియన్‌లో మొదట్లో అన్ని సర్వీసులూ ఉండవు కాబట్టి మేం వాడేవి ఉన్నాయో లేదో సరిచూడటం మాత్రమే మిగిలింది. ఆ ర్యాక్‌ను ఏదో కారణానికే పెట్టి ఉంటారని, దాన్ని ముట్టుకోకూడదని ఎవరూ భయపడలేదు.

కారణం తెలియనప్పుడు మనుషులు రెండే పనులు చేస్తారు. భయపడి ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తారు, లేదా తెగించి పీకేస్తారు. రెండోదానికి ఉదాహరణ: ఒకచోట రెండు సర్వీసుల మధ్య ఏ పనీ చేయనట్టు కనిపించే క్యూ ఉండేది. కొత్త లీడ్ "అనవసరపు బరువు" అని తీసేశాడు. అవతల ఉన్న బ్యాంక్ ఒకేసారి కొద్ది కనెక్షన్లనే ఒప్పుకుంటుంది, ఆ క్యూ ఉన్నది వేగం తగ్గించడానికే. నెల మొదటి తారీఖున జీతాల ఫైలు వెళ్లగానే బ్యాంక్ మొత్తం ట్రాఫిక్‌ను బ్లాక్ చేసింది. ఆ లీడ్‌ను నేను తప్పుపట్టను. కోడ్‌లో కామెంట్ లేదు, ఎక్కడా ఒక్క లైన్ లేదు.

నిజం రాయాలి, కానీ ఎలా

మన ప్రాజెక్టుల్లో చాలా నిర్ణయాలకు అసలు కారణం టెక్నికల్ కాదు. క్లయింట్ వీపీకి ఆ వెండర్ అంటే ఇష్టం. బెంచ్ మీద (ప్రాజెక్ట్ లేకుండా ఖాళీగా) నలుగురు జావా వాళ్లున్నారు. డెమో తేదీ ముందే ప్రకటించేశారు. ఇవి రాయడానికి జంకి, "మెరుగైన స్కేలబిలిటీ కోసం" అని ఏదో అందంగా రాసేస్తారు. అది రాయకపోవడం కంటే ప్రమాదం. తర్వాత వచ్చినవాళ్లు ఆ స్కేలబిలిటీని నమ్మి దాని మీద ఇంకో అంతస్తు కట్టేస్తారు. మర్యాదగా, కానీ నిజమే రాయండి: "క్లయింట్ సంస్థకు ఈ డేటాబేస్ లైసెన్స్ ఇప్పటికే ఉంది, వేరేది కొనడానికి అనుమతి రాలేదు." "మార్చి డెమోకి అందాలంటే టీమ్‌కు తెలిసిన భాష ఇదొక్కటే." మనిషి పేరు అక్కర్లేదు, ఒత్తిడి ఏంటో తెలిస్తే చాలు. ఆ ఒత్తిడి పోయిన రోజు నిర్ణయాన్ని మార్చే స్వేచ్ఛ తర్వాతివాళ్లకు ఉంటుంది.

సర్వీసెస్ కంపెనీల్లో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. నిర్ణయాలు రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా కాల్‌లో నోటిమాటగా జరిగిపోతాయి. అక్కడ ఏడీఆర్ టెంప్లేట్ తీస్తే ఎవరూ ఆగరు. పొద్దున్నే ఆఫీసుకు రాగానే ఒక మెయిల్ కొట్టండి: "నిన్న రాత్రి ఇలా అనుకున్నాం, ఈ కారణానికి, ఫలానాది వద్దనుకున్నాం. తేడా ఉంటే చెప్పండి." జవాబు రాకపోయినా ఆ మెయిల్ వచనాన్నే రిపోలో పెట్టేయండి. అదే రికార్డ్.

పేజీ రాయడానికీ టైమ్ లేదంటే, ఓలాఫ్ జిమ్మర్‌మన్ అనే సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్ నిపుణుడు చెప్పిన ఒక్క వాక్యం పద్ధతి ఉంది: ఫలానా సందర్భంలో, ఫలానా ఇబ్బంది ఎదురై, ఫలానాది ఎంచుకున్నాం, ఫలానావి వదిలేశాం, ఫలానా లాభం కోసం, ఫలానా నష్టానికి ఒప్పుకున్నాం. ఈ ఆరు ముక్కలూ నింపలేకపోతే మీరింకా నిర్ణయం తీసుకోలేదన్నమాట.

ఎక్కడ పెట్టాలి

కోడ్ రిపోలో, మార్క్‌డౌన్ (సాదా టెక్స్ట్) ఫైళ్లుగా. కోడ్ మార్పుతోపాటే ఒకే పుల్ రిక్వెస్ట్‌లో వస్తుంది, రివ్యూ కామెంట్లలో వాదన కూడా మిగులుతుంది, ఎవరు ఎప్పుడు మార్చారో గిట్ (మార్పుల చరిత్రను దాచే సాధనం) చెబుతుంది. కాన్‌ఫ్లుయెన్స్ అనే వికీ సాఫ్ట్‌వేర్‌లో పెడితే స్పేస్ పేరు మారినప్పుడో, లైసెన్స్ పునరుద్ధరణ సమయంలోనో మాయమవుతుంది. ప్రొడక్ట్ వాళ్లు, ఆడిటర్లు రిపో తెరవరు, నిజమే. వాళ్ల కోసం వికీలో శీర్షికల జాబితా, లింకులు పెట్టండి, విషయం మాత్రం ఒక్కచోటే ఉండనివ్వండి. చాలా సర్వీసులకు వర్తించేవాటికి వేరే చిన్న రిపో పెట్టుకోండి.

చాట్‌జీపీటీతో రాయించుకోవచ్చా అని ఎలాగూ అడుగుతారు. కోడ్ చూపించి "దీనికి ఏడీఆర్ రాయి" అంటే చక్కటి కారణాలు రాస్తుంది. సమస్య ఏంటంటే, ఆ కారణాలు అప్పట్లో ఎవరి మనసులోనూ లేవు. రెండేళ్ల తర్వాత అవే చరిత్ర అయి కూర్చుంటాయి. మీరు రాసినదాన్ని ఇచ్చి "ఇందులో నేను చూడని నష్టం ఏంటి, నేను వదిలేసిన ఆప్షన్ తరఫున వాదించు" అని అడగండి. ఆ పనికి బాగుంటుంది.

ఒక హెచ్చరిక కూడా. రాత మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. పీటర్ నౌర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1985లోనే వాదించారు, ప్రోగ్రామ్ అసలు అవగాహన దాన్ని కట్టినవాళ్ల మనసుల్లో ఉంటుందని, దాన్ని కాగితాల్లోంచి పూర్తిగా తిరిగి రాబట్టలేమని. నా అనుభవమూ అంతే. రికార్డ్ చదివిన కొత్త మనిషి దాన్ని రాసిన మనిషి అయిపోడు. కాకపోతే సరైన ప్రశ్న అడగగలుగుతాడు. అందుకే కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలో నాలుగైదు రికార్డులిచ్చి, "వీటిలో ఏది ఇప్పుడు తప్పనిపిస్తోంది?" అని అడుగుతాను.

మీరు ఇప్పుడేం చేయాలంటే

పాతవన్నీ తవ్వకండి. వచ్చే నెలల్లో మీరు ఏ భాగాన్ని మార్చబోతున్నారో దాని చుట్టూ ఉన్న నిర్ణయాలు మాత్రం వెనక్కి వెళ్లి రాయండి. గిట్ కమిట్ మెసేజ్‌లు, పాత జిరా టికెట్లు (పనుల నమోదు), చాట్ చరిత్ర వెతకండి. పైన "తర్వాత రాసినది" అని స్పష్టంగా పెట్టండి. ఊహించినది ఊహ అని, దొరకనిది "కారణం దొరకలేదు" అని రాయండి. "కారణం దొరకలేదు" అన్నది కూడా పనికొచ్చే సమాచారమే, మళ్లీ ఇంకొకరు రెండు రోజులు వెతకక్కర్లేదు.

మేనేజర్‌కు అప్‌డేట్ చేసిన హెచ్ఎల్‌డీయే కావాలంటే, దాన్ని ఐదారు పేజీలకు కుదించండి: ఇప్పటి సిస్టమ్ బొమ్మ ఒకటి, ఏ సర్వీసు ఏ డేటాకు యజమాని, డెసిషన్స్ ఫోల్డర్ లింక్. పాత 80 పేజీల ఫైలును పారేయకండి, తేదీ వేసి ఆర్కైవ్ చేయండి, వెతుకులాటలో అదీ ఒక ఆధారమే. మేనేజర్ ఒప్పుకోకపోతే మాత్రం ఆ 80 పేజీలతో కుస్తీ పట్టే పనిని టీమ్ మొత్తానికి పంచకండి, ఒక్కరికి అప్పగించి గడువు పెట్టేయండి.

వీటన్నిటికంటే ముందు ఇంకో పని ఉంది. ఆ పాత ఆర్కిటెక్ట్ ఇంకా మీ ఫోన్ ఎత్తుతుండగానే మాట్లాడండి. కొత్త ఉద్యోగంలో కుదురుకున్నాక తీరిక ఉండదు, జ్ఞాపకమూ ఉండదు. "సిస్టమ్ వివరించండి" అని అడగొద్దు, మళ్లీ కేటీలో చెప్పిందే చెబుతారు. ఆయన కొత్త కంపెనీకి ఇబ్బంది కలిగించేదేదీ కాకుండా, మీ సిస్టమ్ గురించే ఈ మూడు అడగండి: ఇక్కడ ఏం ప్రయత్నించి వదిలేశారు? దేన్ని చూసి ఇప్పటికీ భయపడతారు? ఇంకో ఆరు నెలలు ఉండి ఉంటే ముందుగా దేన్ని మార్చేవారు? ఆయన చెబుతుంటే ఆయన మాటల్లోనే రాసుకోండి, తేదీ వేయండి, సాయంత్రానికల్లా కమిట్ చేసేయండి.